ఏడు యుగాల విభజన బైబిలు చరిత్రలోనే ఉందా, మనం దానిపై గీసుకున్నదా?

బెరయ విద్యార్థి:
మా సంఘంలో యౌవనస్థులకు బైబిలు పాఠం చెప్పేటప్పుడు గోడకు ఒక పటం కడతాము. నిర్దోషత్వం, మనస్సాక్షి, మానవ ప్రభుత్వం, వాగ్దానం, ధర్మశాస్త్రం, కృప, వెయ్యేండ్ల రాజ్యం అని అందులో ఏడు వృత్తాలుంటాయి. ఆరవ దాని చివర సంఘం ఎత్తబడడాన్ని చూపే బాణం గుర్తు, దాని పక్కన ఏడేండ్ల శ్రమకాలం ఉంటాయి. అమెరికా బైబిలు బోధకుడు సి.ఐ. స్కోఫీల్డ్ నోట్సుతో 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్సు బైబిలులో ఉన్న వరుస ఇదే. దేవుడు తన చిత్తాన్ని ఒక ప్రత్యేక రీతిలో బయలుపరచి, దానికి మనిషి లోబడతాడో లేదో పరీక్షించే కాలమే ఒక యుగమని ఆయన నిర్వచించాడు. మొన్నటి పాఠంలో నాలుగవ వృత్తం ధర్మశాస్త్రం ఇయ్యబడిన సీనాయి కొండ దగ్గర ముగియడం చూసి ఒక అమ్మాయి, "430 సంవత్సరాల తరువాత వచ్చిన ధర్మశాస్త్రం వాగ్దానాన్ని కొట్టివేయదని పౌలు గలతీ పత్రిక 3వ అధ్యాయంలో అంటున్నాడు కదండీ, మరి వాగ్దాన యుగం ఇక్కడెలా అయిపోయింది?" అని అడిగింది. ఈ గీతలు లేఖనంలో ఉన్నవేనా, చదువుకోవడానికి వీలుగా మనం గీసుకున్నవా? పెద్దలు తమ అభిప్రాయం తెలియజేయగలరు.

గౌతమీ సహోదరుడు:
ఆ అమ్మాయి ప్రశ్న మంచిదే గాని, దానికి జవాబు స్కోఫీల్డ్ నోట్సులోనే ఉంది. ఆదికాండము 12వ అధ్యాయం దగ్గర ఆయన యుగాన్నీ, దేవుడు చేసిన ఒప్పందమైన నిబంధననూ స్పష్టంగా వేరుచేస్తాడు. యుగం పరీక్షకు సంబంధించినది కాబట్టి ముగుస్తుంది. అబ్రాహాము నిబంధన షరతులు లేనిది కాబట్టి నిలిచి ఉంటుంది. దానిని ధర్మశాస్త్రం కొట్టివేయలేదని చెప్పడానికి ఆయన చూపించిన వచనాలు కూడా గలతీ 3లోనివే. ఆదికాండము 15లో మూడేండ్ల పెయ్యనూ మేకనూ పొట్టేలునూ నడిమికి ఖండించి, ఎదురెదురుగా పేర్చిన తరువాత అబ్రాహాముకు గాఢనిద్ర పట్టింది. రాజుచున్న పొయ్యి, అగ్నిజ్వాల మాత్రమే ఆ ఖండముల మధ్య నడిచి వెళ్లాయి. ఒప్పందంలో మనిషి అడుగు పెట్టనే లేదు. అటువంటి నిబంధన సీనాయి దగ్గర ముగిసిందని యుగాల విభజనను బోధించే మాలో ఎవరూ చెప్పరు.

ఇక విభజన మాటకు వస్తే, అది లేకుండా బైబిలు చదివేవారు లేరు. మనం గొఱ్ఱెపిల్లను బలిపీఠం దగ్గరకు తీసుకుపోము, శనివారం పొయ్యి వెలిగించినవాడిని రాళ్లతో కొట్టము. ఎందుకని అడిగితే "అది ధర్మశాస్త్ర కాలం" అని అందరూ చెప్పే జవాబే మేమూ చెబుతున్నాము, కాకపోతే మేము గీత గీసి చూపిస్తాము. ఇది 19వ శతాబ్దంలో ఈ బోధను వ్యాపింపజేసిన బ్రదరెన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ పుట్టించిన అలవాటు కూడా కాదు. 1748లో మరణించిన కీర్తనకారుడు ఐజక్ వాట్స్ ఆదాము నుండి క్రైస్తవ కాలం వరకు ఆరు యుగాల పట్టిక రాసిపెట్టాడు. దానిని స్కోఫీల్డ్ వరుస పక్కన పెడితే వెయ్యేండ్ల రాజ్యం ఒక్కటే పెద్ద తేడాగా కనిపిస్తుంది.

నిబంధన పాఠకుడు:
గౌతమీ సహోదరుడు గారు ఉదహరించిన నోటును ఆయన సగంలో ఆపేశారు. వాగ్దాన యుగం ఎలా ముగిసిందో కూడా అక్కడే ఉంది: ఇశ్రాయేలీయులు నిర్గమకాండము 19:8లో "యెహోవా చెప్పినదంతా చేస్తాము" అని తొందరపడి ధర్మశాస్త్రాన్ని ఒప్పుకోవడం వలన ముగిసిందట. తొందరపడ్డారని మోషే రాయలేదు. పైపెచ్చు, పది ఆజ్ఞలు విన్న తరువాత ప్రజలు అటువంటి మాటే మరల చెప్పినప్పుడు, వారు చెప్పినదంతా బాగున్నదని దేవుడే మెచ్చుకున్నట్లు ద్వితీయోపదేశకాండము 5:28లో చదువుతాము. దేవుడు మెచ్చుకున్న మాటను యుగాన్ని ముగించిన తప్పటడుగుగా చూపించవలసి వచ్చిందంటే, గీత ముందు పడిందనీ వచనాన్ని ఆ గీతకు తగినట్లు తరువాత సర్దారనీ నాకు అనిపిస్తుంది.

బలులు ఆగిపోయాయని, బైబిలును నిబంధనల వరుసలో చదివే మేమూ ఒప్పుకుంటాము. 1640లలో వెస్ట్‌మినిస్టరులో కూర్చిన విశ్వాస ప్రమాణం 7వ అధ్యాయం కూడా కృపా నిబంధన ధర్మశాస్త్ర కాలంలో ఒక విధంగా, సువార్త కాలంలో మరొక విధంగా నిర్వహించబడిందని చెబుతూ, సారంలో మాత్రం అది ఒక్కటేనని పట్టుబడుతుంది. కాబట్టి పేచీ కాలాలు ఉన్నాయా లేవా అన్న దాని మీద కాదు, దేవుడు మనిషితో వ్యవహరించే ఆధారమే కాలాన్నిబట్టి మారిందా అన్న దాని మీద. రోమా పత్రిక 4వ అధ్యాయంలో పౌలు ఎవరెవరిని సాక్షులుగా నిలబెట్టాడో చూడండి. అబ్రాహాము మీ పటంలో నాలుగవ వృత్తంలోనివాడు, దావీదు అయిదవ వృత్తంలోనివాడు. పౌలు ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, క్రియలు లేకుండా నీతిమంతులుగా ఎంచబడ్డారని చెప్పి, ఆరవ వృత్తంలో ఉన్న రోమీయులకు వారినే మాదిరిగా చూపిస్తున్నాడు. వృత్తాలు మారడమే చరిత్రలో అసలు సంగతి అయితే ఆ వాదన నిలబడదు. స్కోఫీల్డ్ బైబిలు 1909 ప్రతిలో యోహాను 1:17 దగ్గర, రక్షణకు షరతుగా ధర్మశాస్త్ర విధేయత ఇక పరీక్షగా ఉండదన్న అర్థంలో రాశారు. అంటే అంతకుముందు అదే షరతుగా ఉండేదా అని చదివినవారందరూ అడిగారు. 1967 కూర్పులో ఆ నోటును సవరించారు.

చరిత్రాభిలాషి:
ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. డార్బీ 19వ శతాబ్దంవాడు గనుక ఆయన బోధ తప్పు అనడం, వాట్స్ 18వ శతాబ్దంవాడు గనుక ఒప్పు అనడం రెండూ వాదనలు కావు. పైగా మన ప్రాంతానికి బ్రదరెన్ సాక్ష్యం వచ్చింది డార్బీ ద్వారా కాదు. 1836లో బ్రదరెన్ మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పనిచేశాయి. అదే సంవత్సరం మార్చిలో గ్రోవ్స్ డార్బీకి ఉత్తరం రాసి, సహవాసపు ద్వారాన్ని క్రీస్తులో ఉన్న జీవం మీద కాక అభిప్రాయాల ఏకత్వం మీద నిలబెడుతున్నారని హెచ్చరించాడు. మన డెల్టా సంఘాల వారు ఆ ఉత్తరాన్ని డార్బీ బోధకంటె ముందు చదవవలసింది, ఎవరూ చదవరు.

గౌతమీ సహోదరుడు:
నిర్గమకాండము 19:8 విషయంలో స్కోఫీల్డ్ పక్షాన వాదించను, ఆ నోటు బలహీనమైనదే. అయితే ఏడు అన్న సంఖ్య మీద మా పక్షం నిలబడలేదు. మా పక్షపు పండితుడు చార్లెస్ రైరీ 1965లోనే యుగాల సంఖ్య ముఖ్యం కాదని తేల్చి, ఇశ్రాయేలునూ సంఘాన్నీ వేరుగా ఉంచడం, లేఖనాన్ని సహజార్థంలో చదవడం, దేవుని మహిమే చరిత్రకు పరమోద్దేశమని గ్రహించడం అనే మూడింటినీ సారంగా చూపాడు. నాకు మొదటిదే ముఖ్యం. సూర్యచంద్రుల నియమాలు తప్పిపోతే తప్ప ఇశ్రాయేలు జనముగా ఉండకుండా పోదని యిర్మీయా 31లో దేవుడు పలికాడు. ఇశ్రాయేలుకు రాజ్యాన్ని ఇప్పుడే మరల అనుగ్రహిస్తావా అని శిష్యులు అపొస్తలుల కార్యములు 1:6లో అడిగితే, కాలం తెలుసుకోవడం మీ పని కాదన్నాడే గాని, అటువంటి రాజ్యమే లేదని ప్రభువు చెప్పలేదు. ఇవన్నీ సంఘంలో ఆత్మసంబంధంగా నెరవేరాయంటే, యిర్మీయా మాటలు విన్నవాడు ఏమని అర్థం చేసుకోవాలి?

నిబంధన పాఠకుడు:
సహజార్థమే నియమం అయితే యెహెజ్కేలు 40 నుండి 48 వరకు చదువుదాము. మీ బోధ ప్రకారం అది వెయ్యేండ్ల రాజ్యంలో కట్టబడే ఆలయం. అక్కడ 45వ అధ్యాయంలో పాపపరిహారార్థ బలులు ఉన్నాయి, అవి ప్రాయశ్చిత్తం కోసమేనని అక్కడే రాసి ఉంది. పాపక్షమాపణ కలిగిన చోట పాపపరిహారార్థ బలి ఇక ఉండదని హెబ్రీ పత్రిక 10:18 చెబుతున్నది. 1909 ప్రతి ఆ బలులను సిలువకు జ్ఞాపకార్థమైనవిగా వివరించింది. 1967 కూర్పు దానితోపాటు మరొక మార్గం కూడా ఇచ్చింది: విమోచింపబడిన ఇశ్రాయేలు చేసే ఆరాధనను యెహెజ్కేలు తన కాలంవారికి తెలిసిన మాటలలో వర్ణించాడనీ, బలులను అక్షరార్థంగా తీసుకోనక్కరలేదనీ. సరిగ్గా మేము చెప్పేదీ అదే. బలుల విషయంలో తెరిచిన తలుపును ఇశ్రాయేలుకు వాగ్దానం చేయబడిన దేశం విషయంలో ఏ నియమం ప్రకారం మూస్తారు?

గౌతమీ సహోదరుడు:
లేవీయకాండములోని బలులూ ప్రాయశ్చిత్తం కోసమే అర్పించబడ్డాయి, అయినా ఎడ్ల రక్తం పాపాలను తీసివేయలేదని హెబ్రీ 10:4 అంటున్నది. లేవీయకాండములో ఆ మాటకు ఉన్న అర్థమే యెహెజ్కేలులోనూ ఉందని నేను తీసుకుంటాను. మీరడిగిన నియమం ఇది: సిలువ తరువాత అపొస్తలులు దేనిని మరల స్థిరపరిచారో అది నిలుస్తుంది. బలులను ఎవరూ స్థిరపరచలేదు. ఇశ్రాయేలును మాత్రం పౌలు రోమా 11:29లో, దేవుడు తన కృపావరముల విషయంలోనూ పిలుపు విషయంలోనూ పశ్చాత్తాపపడడని చెప్పి స్థిరపరిచాడు.

నిబంధన పాఠకుడు:
ఈ నియమాన్ని నేను సంతోషంగా అంగీకరిస్తాను. ఇశ్రాయేలీయులు రక్షణలోకి వస్తారని రోమా 11 చెబుతున్నదనడంలో నాకు అభ్యంతరం లేదు, అయితే వారు అంటుకట్టబడేది పౌలు అక్కడ ఉపమానంగా చెప్పిన, అన్యజనులు ఉన్న ఆ ఒక్క ఒలీవ చెట్టుకే. ఆ అధ్యాయంలో దేశం గురించి ఒక్క మాటా లేదు, ఆలయం గురించీ లేదు. అపొస్తలులు దేశాన్ని స్థిరపరిచిన వచనం ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి, దాని మీదనే మాట్లాడుకుందాము.