‘ఓవర్‌రైడ్’కు మాట: ఆదేశమా, ఆగమమా?

కడప నుంచి:
అందరికీ నమస్కారం. మార్కెట్ యార్డుల్లో కాటా కంప్యూటర్లు చూసుకునే పిల్లోళ్ల కోసం లినక్స్ యూడెవ్ మీద తెలుగులో నాలుగు పేజీలు రాస్తాండా. యూఎస్‌బీకి ఏది తగిలించినా దానికి పేరు, గ్రూపు, అనుమతులు ఇచ్చేది ఈ యూడెవే. నియమాలు చాలా ఫైళ్లలో ఉంటాయి, ఒక ఫైలు చెప్పిన మాటను ఇంకోటి కొట్టేస్తుంది. దాన్నే ఓవర్‌రైడ్ అంటారు. ‘అధిగమించు’ అని రాస్తే ఎవరికీ ఎక్కలేదు. ‘రద్దు’ అంటే అర్థమే మారిపోతాంది. మంచి మాట చెప్పండి.

ఆదోని నుంచి:
అన్నా, ఒక మాటతో కాదు. యూడెవ్‌లో కొట్టేయడం ఒక రకంగా జరగదు. ముందు అది తేల్చుకో.

చాలామంది మనం సొంతంగా నియమాలు రాసుకునే ఈటీసీ ఫోల్డరును చివర్లో చదువుతుందనీ, అందుకే దాని మాట నెగ్గుతుందనీ అనుకుంటారు. అట్లగాదు. ఈటీసీ, రన్ (తాత్కాలికమైనవి), యూఎస్సార్ లిబ్ (ప్యాకేజీలతో వచ్చినవి) కింద ఉన్న రూల్స్ ఫైళ్లన్నీ ఒకే వరసలో కలిపేసి, పేరును బట్టి పేర్చి చదువుతుంది. ఏ ఫోల్డరులో ఉందన్నది ఆ వరసకు పట్టదు. ఫోల్డరు హోదా పనికొచ్చేది ఒక్కచోటే: రెండు ఫోల్డర్లలో అచ్చం ఒకే పేరున్న ఫైళ్లుంటే. అప్పుడు ఈటీసీది నిలుస్తుంది, తర్వాత రన్‌ది. యూఎస్సార్ లిబ్‌లోది అసలు తెరవనే తెరవదు.

కాటా సంగతే తీసుకో. ఈటీసీలో 10తో మొదలయ్యే ఫైలు పెట్టి, అందులో సీరియల్ పోర్టుకు నీ గ్రూపు రాశావనుకో. తర్వాత 50-యూడెవ్-డిఫాల్ట్ ఫైలు వచ్చి దాన్ని డయలౌట్ గ్రూపుగా మార్చేస్తుంది. ఈటీసీలో పెట్టినా నీ మాట చెల్లదు. పేర్చేది కూడా నిఘంటువులో మాదిరి అక్షరం అక్షరం చూసి. 100తో మొదలైన ఫైలు 50 కంటే ముందే వస్తుంది. ఈ దెబ్బ తినని వాణ్ని నేను చూడలేదు.

అనంతపురం నుంచి:
నాకు కంప్యూటరు రాదు, ముప్పాతిక జీవితం పిల్లలకు సంధులు చెప్పినవాణ్ని. అయినా మీరు చెప్పేదంతా వ్యాకరణమే నాయనా. ‘విప్రతిషేధే పరం కార్యమ్’ అని పాణిని సూత్రం, 1.4.2. రెండు సూత్రాలు ఒకచోట తగులుకుంటే పాఠంలో తర్వాత వచ్చినదే చెల్లుతుంది. మీ 50, 10ని కొట్టిందంటే ఇదే కదా?

ఆదోని నుంచి:
దగ్గరగా ఉంది అయ్యవారూ, కానీ ఒక తేడా. పాణిని దగ్గర రెండో సూత్రమే పనిచేస్తుంది. ఇక్కడ రెండూ పనిచేస్తాయి, చివర రాసింది మిగుల్తుంది.

అనంతపురం నుంచి:
సరే, ఒప్పుకుంటా. మరి ఒకే పేరున్న ఫైలు పాతదాని చోట్లో కూర్చోవడం? అది ఆదేశం. ‘శత్రువదాదేశః, మిత్రవదాగమః’ అని మా అయ్యవార్లు వల్లె వేయించేవాళ్లు. వాడు + కొట్టె = వాడుగొట్టె. ‘క’ను వెళ్లగొట్టి ‘గ’ వచ్చింది, శత్రువు. మా + అమ్మ = మాయమ్మ. ఎవర్నీ కదిలించకుండా ‘య’ వచ్చి చేరింది, మిత్రుడు.

ఆదోని నుంచి:
అయ్యవారూ, మీరు తెలియకుండానే ఆపరేటర్లు, అంటే రూల్లో వాడే +=, = గుర్తులు, చెప్పేశారు! సిమ్‌లింక్ అంటే పరికరానికి పెట్టే మారుపేరు. 99 ఫైల్లో సిమ్‌లింక్‌కు += పెట్టి ‘కాటా’ అని రాస్తే, 60-సీరియల్ ఫైలు అప్పటికే ఇచ్చిన పేర్లు అట్లే ఉండి ఇదీ చేరుతుంది. ఆగమం. ఒట్టి = పెడితే పాత పేర్లన్నీ పోయి ‘కాటా’ ఒక్కటే మిగుల్తుంది. ఆదేశం. ఇంక యూఎస్సార్ లిబ్‌లోని ఫైలు పేరుతోనే ఈటీసీలో డెవ్ నల్‌కు (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైలుకు) లింకు పెడితే ఆ ఫైలు మొత్తం మాయం.

అనంతపురం నుంచి:
అది లోపం. తప్పని కాదు, ఉన్న అక్షరం పోవడాన్ని వ్యాకరణంలో అట్లంటారు.

కడప నుంచి:
మూడూ రాసుకున్నా. := ఒకటి మిగిలింది. దాంతో రాస్తే తర్వాత ఏ ఫైలూ మార్చలేదు. ‘నిత్యం’ అనొచ్చా?

అనంతపురం నుంచి:
వద్దు. తెలుగు వ్యాకరణంలో నిత్యమంటే జరిగి తీరుతుందని, ఇంకెవరూ ముట్టకూడదని కాదు. సంతలో బేరం తెగితే ఏమంటారు? ఖరారు. అది పెట్టుకో, సంస్కృతం ఎందుకు.

ఆదోని నుంచి:
ఖరారు బాగుండాది. ఇంకో మాట. అన్నిటికీ 99 పెట్టొద్దని ఆ పేజీల్లో పెద్దక్షరాలతో రాయి. లాగిన్ అయినవాడికి అనుమతిచ్చే యూయాక్సెస్ ట్యాగును 73-సీట్-లేట్ చూసుకుంటుంది. ఆ ట్యాగును 99లో పెడితే చూసేవాడు ముందే వెళ్లిపోయుంటాడు. యూఎస్సార్ లిబ్‌లోని ఫైలునూ దిద్దొద్దు, ప్యాకేజీ అప్‌డేట్ వచ్చిందంటే దిద్దింది పోతుంది. రూలు మార్చాక కాటా వైరు తీసి పెట్టాలి, లేదా యూడెవ్ఏడీఎం ట్రిగ్గర్ అనే కమాండు కొట్టాలి.

ఇక నెట్‌వర్క్ కార్డుల లింక్ ఫైళ్లు (‘.లింక్’తో ముగిసే సెట్టింగు ఫైళ్లు, సిమ్‌లింక్ కాదు) వేరే దారి. వాటిలో వరసగా చూస్తూ పోయి, మొదట సరిపోయిన ఫైలును పట్టుకుని మిగతావి వదిలేస్తుంది. అక్కడ మీ ‘పరం’ చెల్లదయ్యవారూ.

అనంతపురం నుంచి:
దానికీ పేరుంది. పాణిని సూత్రాలకు వార్తికాలు రాసిన వార్తికకారుడు కొన్నిచోట్ల ముందుదే గెలవాలన్నాడు. పూర్వవిప్రతిషేధం.

కడప నుంచి:
ఆ మాట చూస్తే పిల్లోళ్లు యార్డు వదిలి పరిగెత్తుతారు అయ్యవారూ. ‘ముందు తగిలిందే చెల్లు’ అని రాసుకుంటా.