ఏడు నెలల బాబుకి డబ్బా పొడి పెడితే తప్పా?

మధురవాడ అమ్మ

మా బాబుకి ఏడో నెల నడుస్తోంది. ప్రసూతి సెలవు అయిపోయింది, మళ్లీ విశాఖలో రుషికొండ ఆఫీసుకి వెళ్తున్నాను. ఉదయం ఏడున్నరకి గడప దాటితే తిరిగొచ్చేసరికి రాత్రి ఏడు. పగలంతా బాబు అత్తమ్మ దగ్గరే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, స్టవ్ దగ్గర పది నిమిషాలు నిలబడలేరు. అందుకని పగలు డబ్బా సిరియల్ కలిపి పెడుతున్నారు, రాత్రి నేనొచ్చాక ఉగ్గు కాస్తున్నాను.

మొన్న సింహాచలంలో అన్నప్రాసన చేయించాం. తర్వాత ఇంట్లో భోజనాల దగ్గర డబ్బా తీసి కలుపుతుంటే మా ఆడపడుచు, "కన్నబిడ్డకి గుప్పెడు బియ్యం వేయించే తీరిక కూడా లేదా?" అంది. పదిమంది ఉన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

నడుమ ఒకసారి ఆన్‌లైన్‌లో "అచ్చంగా ఇంటి తయారీ" అని అమ్మే హెల్త్ మిక్స్ కూడా కొన్నాను. డబ్బా పొడికి రెట్టింపు ధర. ప్యాకెట్ మీద తయారుచేసిన తేదీ లేదు, లైసెన్సు నంబరు లేదు. వారం తిరగకుండానే పురుగు కనిపించింది, పారేశాను.

ఏది సులువని అడగడం లేదు. కొన్నది పెడితే బిడ్డకి నిజంగా నష్టమా? పెంచినవాళ్లు చెప్పండి.

పెందుర్తి మామ్మ

అమ్మా, నీ ఆడపడుచు అలా అనకూడదు. కానీ డబ్బా వద్దన్న మాట మాత్రం నేనూ అంటాను. ముగ్గురు మనవల్ని ఈ చేతులతోనే పెంచాను, ఒక్కరికీ డబ్బా పొడి పెట్టలేదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. రెండు గ్లాసుల బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, అర గ్లాసు కందిపప్పు విడివిడిగా కడిగి, నీడలో పల్చటి పంచె మీద ఆరబోస్తాను. చిన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చివర్లో చెంచాడు జీలకర్ర, చిటికెడు వాము వేసి దించేస్తాను. చల్లారాక రవ్వలా ఆడిస్తాను. మా వైపు రాగుల్ని చోళ్లంటాం. వాటిని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక తెల్లగా తొంగిచూశాక ఆరబెట్టి వేయిస్తాను. వానాకాలంలో మన సముద్రపు గాలికి ఆరవు, బూజు పట్టేస్తుంది. ఆ నెలల్లో మొలకలు కట్టకు, ఉత్త చోళ్లే వేయించుకో.

మరకి తీసుకెళ్తే మాత్రం పొద్దున్న తలుపు తీయగానే వెళ్లాలి. ముందు ఎవరో కారం ఆడించి ఉంటారు, ఆ ఘాటు పిల్లాడి ఉగ్గులోకి వస్తుంది. మొదట మన బియ్యం గుప్పెడు మరలో పోసి ఆడించి ఆ ఘాటు వదిలించి, తర్వాతే ఉగ్గు సరుకు పోయించాలి.

ఒకసారి చేసుకుంటే మూడు వారాలొస్తుంది. కాచడానికి పది నిమిషాలు. దించేటప్పుడు చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు. ఇంతకన్నా ఏం కావాలి?

స్టీల్‌ప్లాంట్ నాన్న

మా పాపకి పదకొండు నెలలు. డబ్బాకి నేను పూర్తిగా వ్యతిరేకం. కారణం చక్కెర.

2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విట్జర్లాండ్ సంస్థ పరిశీలించి బయటపెట్టిన విషయం ఇది. నెస్లే కంపెనీ అప్పట్లో మన దేశంలో అమ్మిన సెరెలాక్‌లో ఒక్కో పూటకి సగటున 3 గ్రాములకి దగ్గరగా చక్కెర కలిపి ఉండేది. అదే కంపెనీ జర్మనీ, బ్రిటన్‌లలో కలిపిన చక్కెర లేకుండా అమ్ముతోంది. ఐదేళ్లలో 30 శాతం దాకా తగ్గించామని కంపెనీ చెప్పింది, ఆ ఏడాది చివర్లో చక్కెర లేని రకాలు తెస్తున్నట్టు ప్రకటించింది. గొడవ అయ్యాకే కదా! అక్కడి బిడ్డకి లేని చక్కెర మన బిడ్డకి ఎందుకు కలపాలి? ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఇంకో మాట. 1992లో వచ్చిన చట్టం ప్రకారం రెండేళ్లలోపు పిల్లల కోసం అమ్మే ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు. కానీ ఫోన్ తెరిస్తే బొద్దుపిల్లల్ని చూపించి ఫలానా పొడి వాడామని చెప్పేవాళ్లే. పక్కింటి పిల్ల ఒళ్లు చేసింది, మన పిల్ల చేయలేదు అన్న భయం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

ఎంవీపీ కాలనీ అమ్మ

నేను వేరేగా చెప్తాను. మా పెద్దబాబుకి ఎనిమిది నెలలప్పుడు హుద్‌హుద్ తుపాను వచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పటిదాకా నేనూ "అన్నీ తాజాగా, అన్నీ ఇంట్లోనే" అనేదాన్ని. క్యారెట్ ఉడికించి, మిక్సీలో తిప్పి, ఫ్రిజ్‌లో పెట్టి, పూట పూటకీ వెచ్చబెట్టేదాన్ని. తుపానుతో కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. మిక్సీ లేదు, ఫ్రిజ్ లేదు. నీళ్ల కోసం ట్యాంకర్ దగ్గర బిందెలతో క్యూ. పాలప్యాకెట్ ధర ఎంత చెప్తే అంత. మా వీధిలో రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ మావారు మందులషాపుకి వెళ్లి రెండు డబ్బాలు తెచ్చారు. కాచిన నీళ్లుంటే చాలు కదా దానికి. తల్లిపాలతోపాటు ఆ వారమంతా వాడికి అదే తిండి.

అప్పటినుంచి డబ్బా పెట్టే తల్లిని చూస్తే నాకు తప్పు పట్టాలనిపించదు. "ఇంటి తిండి" అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ ఆ మాటలో కడగడం, ఆరబెట్టడం, వేయించడం, మరకి మోయడం, కాయడం, గిన్నెలు తోమడం అన్నీ ఉన్నాయి. అవన్నీ చేసే ఒక మనిషి కూడా ఉంది. ఆ మనిషి మామ్మగారైతే సరే. మోకాళ్ల నొప్పులున్న అత్తగారో, రాత్రి ఏడింటికి వచ్చే కోడలో అయితే? ఇక్కడ డబ్బా వద్దంటున్న నాన్నలు ఎంతమంది ఉగ్గు వేయించారో కూడా చెప్పాలి.

స్టీల్‌ప్లాంట్ నాన్న

నేను వేయిస్తాను మేడమ్. పొద్దుటి ‘ఎ’ షిఫ్ట్ అయితే మధ్యాహ్నం రెండుకి దిగుతాను, మూడున్నరకి పాప జావ నా చేతిదే. రాత్రి ‘సి’ షిఫ్ట్ వారం మాత్రం నా వల్ల కాదు, అప్పుడు మా అమ్మే చూస్తుంది. మీరన్నది నిజమే, అమ్మ లేకపోతే మేమూ డబ్బా కొనేవాళ్లమేమో. చక్కెర మాట మాత్రం వదలను.

కంచరపాలెం నర్సు

పదిహేనేళ్లుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. అందరూ డబ్బా, ఇల్లు అని రెండు జట్లుగా విడిపోయారు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో నాకు ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఆ రెండింటిలోనూ లేదు, పలచదనంలో ఉంది.

ఒకామె తొమ్మిది నెలల పాపని తెచ్చింది. పాప ఆరు నెలల పిల్లలా ఉంది, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయింది. ఏం పెడుతున్నావమ్మా అంటే "అన్నీ ఇంట్లోవే అండి" అని స్టీలు టిఫిన్ డబ్బా తీసింది. అందులో పప్పుకట్టు. చెంచాతో తీసి వంచాను, మంచినీళ్లలా జారిపోయింది. అడుగున నాలుగు మెతుకులు. ఆ తల్లి ప్రేమలో ఏ లోపమూ లేదు. గట్టిగా పెడితే గొంతుకి అడ్డం పడుతుందని ఎవరో చెప్పారు, అంతే. పిల్లల పొట్ట చిన్నది, నీళ్లతో నిండిపోతే ఇక ఆహారానికి చోటెక్కడ? చెంచా వంచితే వెంటనే జారకుండా నిలవాలి. అందులో అర చెంచా నెయ్యో నూనో పడాలి.

మామ్మగారూ, మీ మొలకల చోళ్లలో గొప్ప విషయం ఉంది. మొలకెత్తిన గింజలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. గట్టిగా కాచిన జావ గోరువెచ్చగా అయ్యాక వేయించని మొలకల పిండి చెంచాడు కలిపి, మళ్లీ ఒక్క పొంగు రానివ్వండి. నీళ్లు పోయకుండానే మింగడానికి వీలుగా జారుతుంది, బలం పోదు. కానీ బెల్లం, ఉప్పు వద్దండి. ఉప్పు ఏడాది నిండేదాకా అక్కర్లేదు. చక్కెర వద్దన్నప్పుడు బెల్లమూ అదే లెక్క, రెండేళ్ల దాకా ఆగితే మంచిది. తేనె అయితే ఏడాదిలోపు నాలుక మీద కూడా రాయకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇక రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆరు నెలలు దాటాక తల్లిపాలలోని ఐరన్ సరిపోదు. చోళ్లలో కాల్షియం బాగా ఉంటుంది. ఐరన్ ఉన్నా అందులోని ఫైటేట్లు అనే పదార్థాల వల్ల ఒంటికి పట్టేది తక్కువ. డబ్బా సిరియల్‌లో ఐరన్ కలిపి ఉంటుంది, ఈ ఒక్క విషయంలో అది మన ఉత్త ఉగ్గుకన్నా మెరుగు. ఇంట్లోదే పెడతామంటే గుడ్డు, చేప, కోడి లివర్ పెట్టాలి. తిననివాళ్లు పప్పు, ఆకుకూరల్లో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండాలి. ఆశా కార్యకర్తని అడిగితే ఐరన్ సిరప్ ఇస్తారు, వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున.

మధురవాడ అమ్మా, పగలు డబ్బా, రాత్రి ఉగ్గు పెట్టడంలో నాకు తప్పు కనిపించడం లేదు. కలిపిన చక్కెర లేని రకం చూసి కొనండి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలపమనండి, ఆదాకోసం పలచన చేయొద్దు.

హార్బర్ అక్క

మా పేటలో ఇంత చర్చ ఉండదు. అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తే అది కలిపి పెడతాం. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర అని ప్యాకెట్ మీదే ఉంటుంది. చక్కెర వద్దంటున్నారు కదా నర్సు మేడమ్, మరి సర్కారు ప్యాకెట్ సంగతేంటి? మాకు అది ఊరికే వచ్చే తిండి.

నిజంగా పాడు చేసేది ఇంకోటి ఉంది. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్, టీలో ముంచిన రస్కు. పిల్ల ఏడిస్తే అదే చేతిలో పెడతారు. దాన్ని ఎవరూ "కొన్న తిండి" అనుకోరు. మా చిన్నదానికి నేను మాన్పించాను. పొద్దున్నే బోటు దిగిన చందువా ముక్క ఒకటి ఉప్పు లేకుండా ఆవిరి మీద ఉడికించి, వేళ్లతో నలిపి ముల్లు ఉందేమో రెండుసార్లు తడిమి చూసి, మెత్తటి అన్నంలో కలిపి పెడతాను. ఎండుచేప మాత్రం పెట్టను, అంతా ఉప్పే.

కంచరపాలెం నర్సు

హార్బర్ అక్కా, బాలామృతం మానకండి. పాలపొడి, పప్పు, నూనె ఉన్న తిండి అది. దాంట్లో చక్కెర తగ్గించాలని అడగడం మనందరి పని, అంతవరకూ పిల్ల పొట్ట ఖాళీగా ఉంచలేం. మీరు చేసే చేప అన్నం మాత్రం చాలా మంచి తిండి. బిస్కెట్ గురించి మీరన్నది అక్షరాలా నిజం.

పెందుర్తి మామ్మ

బెల్లం మానేయాలా! మా అమ్మ కాలం నుంచి వేస్తున్నాం తల్లీ. ముగ్గురూ బాగానే ఉన్నారు. అయినా నువ్వు రోజూ పిల్లల్ని చూస్తున్నదానివి. వచ్చే నెల మా మునిమనవరాలికి అన్నప్రాసన, ఆ పిల్లకి బెల్లం లేకుండానే కాస్తాను.

మధురవాడ అమ్మ

అన్నీ రెండుసార్లు చదివాను, అత్తమ్మకీ చదివి వినిపించాను. పప్పుకట్టు సంగతి విని ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ఆయనకి నేనూ అలాగే పలచగా పెట్టాను, ఎప్పుడూ ఒళ్లు చేసేవాడు కాదు" అన్నారు.

నిన్న ఆదివారం మావారే చోళ్లూ బియ్యమూ వేయించారు. మొదటి విడత కాస్త మాడింది, రెండోది బాగా కుదిరింది. పొద్దున్న ఆరున్నరకే మరకి వెళ్లారు, గుప్పెడు బియ్యం ముందు ఆడించమంటే మర అతను "చిన్నపిల్లలకా?" అని అడిగి తనే తుడిచి ఇచ్చాడట. వంటింట్లో స్టవ్‌ని కింద బల్ల మీదకి దించాం, అత్తమ్మ కుర్చీలో కూర్చునే కాయొచ్చు. మోకాళ్లు మరీ నొప్పిగా ఉన్న రోజుకి డబ్బా ఉంటుంది. వెనక్కి తిప్పి చదివితే మేం వాడేదాంట్లోనూ చక్కెర ఉంది, మార్చాం.

ఈ రోజు గుడ్డు పచ్చసొన ఉగ్గులో మెదిపి పెట్టాం. సగం తిన్నాడు, సగం నా చీర కొంగుకి పూశాడు. తెల్లసొన కూడా ఇప్పుడే పెట్టొచ్చా అండి, ఏడాది ఆగాలా?

కంచరపాలెం నర్సు

ఇప్పుడే పెట్టొచ్చు, బాగా ఉడకాలి. మొదటిసారి పగటిపూట అర చెంచా పెట్టి, ఆ పూట ఇంకే కొత్త తిండీ పెట్టకుండా చూడండి. దద్దుర్లు, వాంతులు, పెదాల వాపు కనిపిస్తే ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోతే రెండో రోజు ఒక చెంచా.