ఫియాలా 2021లో గెలిచారా, గెలుపే కలిసొచ్చిందా?

ఓట్లలెక్క:
చెక్ మాజీ ప్రధాని పెటర్ ఫియాలాను ఇక్కడ కొందరు "వ్యూహం తెలిసిన ప్రొఫెసర్" అని ఆకాశానికెత్తుతున్నారు. బర్నోలో మసారిక్ విశ్వవిద్యాలయం రెక్టరు, 2012లో విద్యామంత్రి, 2013 చివర్లో ఓడీఎస్ పార్టీలో చేరి 2014 జనవరికే పార్టీ అధ్యక్షుడు. ఇదంతా సరే. 2021 గెలుపు మాత్రం ఆయన ప్రతిభ కాదు, ఐదు శాతం గీత పుణ్యం. అన్ని ఓట్లు రాని పార్టీకి అక్కడ సీట్లు దక్కవు. ప్రిసహా పార్టీకి 4.68, సోషల్ డెమోక్రాట్లకు 4.65, కమ్యూనిస్టులకు 3.60. గీత దాటనివాళ్ల ఓట్లన్నీ కలిపితే దాదాపు 20 శాతం, పది లక్షల పైనే, బూడిదలో పోసిన పన్నీరే. సోషల్ డెమోక్రాట్లేమో అప్పటి ప్రధాని బాబిష్ ప్రభుత్వంలో ఉన్నవాళ్లు, కమ్యూనిస్టులేమో 2021 వసంతం దాకా దాన్ని బయటి నుంచి మోసినవాళ్లు. వాళ్లు మునిగారు కాబట్టే ఈయన తేలారు.

సౌదామిని:
గీత అందరికీ ఒకటే కదండీ. కేడీయూ, టాప్ 09 పార్టీలకు 2017లో వచ్చింది 5.80, 5.31 శాతం. విడివిడిగా దిగితే 2021లో మునిగేది వాళ్లే కావచ్చు. ఆ ప్రమాదం ముందే చూసి ఓడీఎస్‌తో కలిపి మూడు పార్టీలను 'స్పోలు' పేరుతో ఒకే జాబితాలోకి తెచ్చారు. ఇంకోటి. వాళ్లు 2020లో చేతులు కలిపేనాటికి మూడు పార్టీల కూటమి 15 శాతం దాటాలి. 2021 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన కొట్టేశాకే అది 11కి దిగింది. అంటే గోడ ఎత్తుగా ఉన్నప్పుడే దూకడానికి సిద్ధపడ్డారు.

ఓట్లలెక్క:
దూకి ఏం సాధించారు? స్పోలుకు 27.79, బాబిష్ పార్టీ ఆనోకు 27.12. తేడా 36 వేల ఓట్లు. సీట్లలో ఆనోదే పైచేయి, 72కి 71.

పరంధామయ్య:
ఒక్క సీటు గురించి ఇంత గొడవా!

సౌదామిని:
ప్రధాని కావడానికి కావలసింది 101 అండి, 72 కాదు. స్పోలు 71, పైరేట్లు, మేయర్లు అనే రెండు పార్టీల కూటమి 37, మొత్తం 108. ఆనోతో పాటు ఎస్‌పీడీ పార్టీ 20 కలిపినా 92. సోషల్ డెమోక్రాట్లు ఒక్కరే సరిగ్గా 5 శాతం తెచ్చుకున్నా, ఆ పది పదకొండు సీట్లు అన్ని పార్టీల నుంచీ తరిగేవి. 108 కాస్తా 102 దగ్గర ఆగేది. ప్రిసహా కూడా దాటి ఉంటే మెజారిటీ పోయేది, అది ఒప్పుకుంటాను.

ఓట్లలెక్క:
ఒప్పుకున్నారుగా. నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

బర్నోబాబు:
ఆ 37లో పైరేట్లవి నాలుగే, మేయర్లవి 33. ఆ సంగతి ఎవరూ ఎత్తరేం? చెక్ ఓటరు తను ఎంచుకున్న పార్టీ అభ్యర్థుల జాబితాలో నలుగురి దాకా పేర్లకు సున్నా చుట్టవచ్చు. ఆ ప్రాంతంలో పార్టీకి పడ్డ ఓట్లలో 5 శాతం సున్నాలు దక్కినవాళ్లు పైకి ఎగబాకుతారు. జాబితాల్లో ముందున్న పైరేట్లు చాలాచోట్ల ఇలాగే కిందికి జారారు. 2024లో ఫియాలా పైరేట్ల మంత్రి బార్టోష్‌ను తీసేయగలిగింది కూడా అందుకే. ఇళ్ల అనుమతుల కంప్యూటర్ వ్యవస్థ జూలైలో మొదలై గందరగోళమైంది, సెప్టెంబరులో ఆయన పదవి ఊడింది, పైరేట్లు బయటికొచ్చారు. 108 పోయి 104. ప్రభుత్వానికి చీమ కుట్టినట్టయినా లేదు.

సౌదామిని:
నేను మెచ్చుకునేది ఆ నిలకడనే. ఐదు పార్టీలతో మొదలుపెట్టి పూర్తికాలం నడిపారు. 2022 మార్చి 15న పోలండ్, స్లొవేనియా ప్రధానులతో రైలెక్కి, బాంబులు పడుతున్న కీవ్‌కు వెళ్లారు. బడ్జెట్ లోటు 2021లో 41,970 కోట్ల క్రౌన్లు, 2024లో 27,140 కోట్లు. చేసి చూపించారు.

ఓట్లలెక్క:
ఆ లోటు పూడ్చిందెవరి జేబులోంచి? 2022లో సగటు ధరల పెరుగుదల 15.1 శాతం, ఆ సెప్టెంబరులో 18. ధరలు ఒక హద్దు దాటితే పింఛను దానంతటదే పెరగాలని అప్పటి చట్టంలో ఉండేది. 2023 జూన్‌లో సగటున 1,770 క్రౌన్లు పెరగాల్సింది. పార్లమెంటులో అత్యవసర విధానం ప్రకటించి చట్టాన్నే మార్చి 760తో సరిపెట్టారు. ముసలివాళ్ల నోటికాడి కూడు లాగి లెక్కలు సరిచేశానంటే దాన్ని పాలన అంటారా?

సౌదామిని:
కాస్త మర్యాదగా మాట్లాడండి. 2024 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మార్పును సమర్థించింది. పెంపు పూర్తిగా ఆగలేదు, తగ్గింది.

ఓట్లలెక్క:
న్యాయస్థానం చెల్లుతుందంది, మంచిదనలేదు. 2020 చివర్లో బాబిష్ ఆదాయపు పన్నును భారీగా కోసినప్పుడు చేయెత్తిన పార్టీల్లో ఓడీఎస్ ఉంది. అప్పుడు పార్టీ అధ్యక్షుడు ఎవరు? ఫియాలానే. జీతగాడి పన్ను తగ్గించి ఖజానాకు చిల్లు పెట్టడంలో తనూ ఓ చెయ్యి వేశారు. ఆ చిల్లు పింఛనుదారుతో పూడ్పించారు. మీకు నచ్చే నిలకడ ఇదేనా?

సౌదామిని:
ఆ ఓటు తప్పే. దాన్ని నేను సమర్థించను. కానీ మీరు పాలనంటే జనాన్ని మెప్పించడమంటున్నారు. నా దృష్టిలో చీలిన సభలో ఐదుగురిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి నాలుగేళ్లు లేవకుండా చూడటమే ప్రధాని అసలు పని. ఫియాలా జీవితమంతా పార్టీల గురించి చదివి, రాసిన మనిషి. ఆ పని ఆయనకు వచ్చు.

ఓట్లలెక్క:
ఇదిగో, ఇప్పుడు దారికొచ్చాం. నేను మెప్పించమనలేదు, జనానికి ముఖాముఖి చెప్పమంటున్నాను. బల్ల చుట్టూ కూర్చున్న ఐదుగురితోనే నాలుగేళ్లూ మాట్లాడారు. బయటివాళ్లతో మాట్లాడిన కొద్దిసార్లూ జర్మనీ దుకాణం ముందు నిలబడి నుటెల్లా అనే చాక్లెట్ ముద్ద ధర చెప్పడం, జర్మనీ స్థాయి జీతాలొస్తాయనడం.

పరంధామయ్య:
నుటెల్లా వీడియో గుర్తొచ్చి ఇప్పటికీ నవ్వొస్తుంది.

బర్నోబాబు:
2025 అక్టోబరులో ఆనో 34.51 శాతంతో 80, స్పోలు 23.36తో 52. ఆనోకు ఎస్‌పీడీ 15, మోటరిస్టుల పార్టీ 13 కలిస్తే ఎంతో చూడండి: మళ్లీ అదే 108. అటుపక్క మళ్లీ అదే 92. పైరేట్లు మాత్రం నాలుగు నుంచి 18కి వచ్చారు.

సౌదామిని:
బిట్‌కాయిన్ల వ్యవహారం మే చివర న్యాయమంత్రి బ్లాజెక్ రాజీనామా దాకా రాకపోయుంటే తేడా ఇంత ఉండేది కాదు. శిక్షపడ్డ మనిషి ఇచ్చిన విరాళాన్ని ప్రభుత్వం పుచ్చుకోవడమేమిటి? అక్కడ నిలకడ పనికిరాలేదు, మంత్రిని ముందే అడగాల్సింది.

ఓట్లలెక్క:
మళ్లీ ఒప్పుకున్నారు. ఇంతకీ ఆ 760కి జవాబు చెప్పలేదు.