ఇతరుల ప్రశ్నలకు జవాబులు రాస్తే ప్రోగ్రామింగ్ వస్తుందా?

నాగావళి_గట్టు:
ఎచ్చెర్ల, రాజాం, విజయనగరం వైపు బీటెక్ రెండో ఏడాది పిల్లలకు "ముందు సొంత ప్రాజెక్టు చెయ్యండి, జవాబులు రాయడం తర్వాత" అని సలహా ఇస్తున్నారు. నేను ఒప్పుకోను. సి, పైథాన్ తొలి పాఠాలు అయిన రోజు నుంచే ఆన్‌లైన్‌లో ఇతరులు అడిగిన ప్రశ్న రోజుకొకటి పట్టుకోవాలి. సొంత కోడ్‌లో మనకు అలవాటైన తప్పులే దొర్లుతాయి. పక్కవాళ్ల కోడ్‌లో మన ఊహకందనివి ఉంటాయి.

కోట_జంక్షన్:
ఇబ్బంది అక్కడే ఉంది మాస్టారూ. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైటులో జవాబుకు ఓటు పడితే 10 పాయింట్లు, అడిగినవాళ్లు ఆమోదిస్తే మరో 15. వాటికోసం కోడ్ నడపకుండానే రాసేస్తారు. సి లో ఇన్‌పుట్ చదివే స్కాన్ఎఫ్‌తో ముందు %డి (అంకె), తర్వాత %సి (ఒక అక్షరం) చదివిస్తే, అక్షరం కోసం ఆగకుండానే ప్రోగ్రాం ముందుకు పోతుంది. వెంటనే "ఎఫ్‌ఫ్లష్ ఎస్‌టీడీఇన్ పెట్టు" అంటారు, ఇన్‌పుట్‌లో మిగిలినదాన్ని అది పారేస్తుందని. విండోస్‌లో కొన్ని కంపైలర్లతో (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాములతో) నడుస్తుంది కాబట్టి నమ్మేస్తారు. ఇన్‌పుట్ మీద ఎఫ్‌ఫ్లష్ ఏం చెయ్యాలో సి స్టాండర్డ్ (ఆ భాష అధికారిక నిబంధనలు) చెప్పనే లేదు. లినక్స్‌లో కీబోర్డు నుంచి చదివేటప్పుడు అది పనిచెయ్యదు. తప్పు నేర్చుకుని ఇంకొకరికి అంటించడమే కదా?

నాగావళి_గట్టు:
ఆ ప్రశ్ననే సరిగ్గా పట్టుకుంటే ఎంత వస్తుందో చూడండి. అడిగిన కోడ్‌ను ఉన్నదున్నట్టు నడపాలి. తప్పు మన కళ్లముందు రాకపోతే జవాబు రాయకూడదు. ఏ కంపైలరో, ఏ వెర్షనో అడగాలి. తప్పు కనిపిస్తే, అక్కర్లేని లైన్లు ఒక్కొక్కటే తీసేస్తూ మళ్లీ మళ్లీ నడపాలి. పది లైన్లు మిగులుతాయి. అప్పుడు చదివిన అక్షరాన్ని %డి తో ప్రింట్ చేస్తే 10 వస్తుంది. అది ఎంటర్ మీటకు కంప్యూటర్ వాడే సంఖ్య. అంకె తర్వాత నొక్కిన ఎంటర్ బఫర్‌లోనే, అంటే టైపు చేసినవి చదివేదాకా ఆగి ఉండే చోటులోనే, ఉండిపోయింది. %డి తన ముందున్న ఖాళీలను, ఎంటర్లను దాటేస్తుంది, %సి దాటదు. %సి ముందు ఒక్క ఖాళీ పెడితే సరి. తెర మీద ఆ 10 చూశాక బఫర్ అంటే ఏటో ఇక మరిచిపోలేరు.

ఫోనుతో తీసిన తెర ఫోటో పెడితే మాత్రం కోడ్ అడిగి తీసుకోండి. చూసి టైపు చేస్తే వాళ్ల తప్పు మన చేతిలో తెలియకుండానే దిద్దుకుపోతుంది.

వంశధార_ఒడ్డు:
చాట్‌జీపీటీ ఇచ్చింది అతికిస్తే ఇందులో ఏ అడుగూ పడదండి. అలాంటి జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే నిషేధించింది.

కోట_జంక్షన్:
ఈ పద్ధతైతే సరే. కానీ పది లైన్లలో భాష వస్తుంది, పూర్తి ప్రోగ్రాం కట్టడం రాదు. కిరాణా కొట్టు అప్పుల పద్దు ప్రోగ్రాం తీసుకోండి. పద్దు రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన ఫైలు ఏమవుతుంది? ఒకే పేరుతో ఇద్దరు ఖాతాదారులుంటే? ఇలాంటివి ఎవరో పెట్టిన పది లైన్ల ప్రశ్నలో ఎదురుకావు. ముందు అలాంటిదొకటి పూర్తి చెయ్యాలనే అంటాను.

నాగావళి_గట్టు:
రెండూ పక్కపక్కనే నడవనివ్వండి. తప్పు రాస్తామని భయముంటే, ఎప్పుడో తేలిపోయిన ప్రశ్నలు తీసుకోండి. పాత జవాబులున్న కిందికి పేజీ జరపకుండా మీ జవాబు రాసి, నడిపి, ఆ తర్వాతే పోల్చండి. జవాబు తేదీ చూడండి, వ్యాఖ్యలూ చదవండి. పైథాన్ 2 నాటి జవాబులు ఇంకా ఉన్నాయి: అందులో 7ను 2తో భాగిస్తే 3, పైథాన్ 3లో 3.5. మీ జవాబుకూ పాత జవాబుకూ ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాయగలిగిన రోజున కొత్త ప్రశ్నకు చెయ్యి పెట్టండి.