ఇటలీ 20 సెంట్ల కాయిన్ మీదున్న చేతుల్లేని మనిషి గురించి చెప్తారా?

మ్యూనిక్‌_తెలుగు:
చిల్లరలో ఇటలీ 20 సెంట్ల కాయిన్ వచ్చిందండి, దాని మీద మనిషి నడుస్తున్నట్టు బొమ్మ, కానీ చేతుల్లేవు, సరైన మొహం లేదు, కాళ్ళ వెనక మంటలు లేచినట్టుంది. వెతికితే ఉంబర్తో బోచోనీ 1913లో చేసిన శిల్పమని తెలిసింది, పేరు యునీక్ ఫార్మ్స్ ఆఫ్ కంటిన్యుటీ ఇన్ స్పేస్. ఫొటోలు చూస్తూనే ఉన్నా, నచ్చుతోంది, కానీ ఎందుకో చెప్పలేకపోతున్నా. అసలు చేతులెందుకు పెట్టలేదు?

శిల్పం_చూద్దాం:
అది మనిషి బొమ్మ కంటే నడక బొమ్మ అనుకుని చూడండి. మనం వేగంగా అడుగేస్తే ఒళ్ళు గాలిని తోస్తుంది, గాలి ఒంటిని వెనక్కి నెడుతుంది, ఆ తోపులాటంతా కండల్లో కలిపేసి ఒకే ఆకారం చేశాడాయన. మీరు మంటలన్నవి పిక్కల వెనక సాగిన రెక్కల్లాంటి భాగాలు, కాలు ఇప్పుడే దాటొచ్చిన చోటు కూడా కాలికే అతుక్కుని వస్తోందన్నమాట. చేతులుంటే చూపు అక్కడ ఆగిపోయేదని నా అభిప్రాయం, ఇప్పుడైతే భుజం నుంచి తొడ మీదుగా మడమ దాకా ఎక్కడా ఆగదు. పాదాల కింద కూడా చూడండి, దిమ్మ ఒకటి కాదు, ఒక్కో పాదానికి ఒక్కోటి, మధ్యలో ఖాళీ. ఇవన్నీ ఎదురుగా తీసిన ఫొటోలో తెలియవు, పక్క నుంచి తీసినవి వెతకండి.

కంచుపోత:
ఇంకో సంగతి చెప్పాలి, దీన్ని లోహంలో బోచోనీ ఎప్పుడూ చూడలేదు. ఆయన చేసింది ప్లాస్టర్‌తో, 1916లో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి చనిపోయాడు, అప్పటికి 33 ఏళ్ళే. మొదటి కంచు పోతలు 1931లో వచ్చాయి, లండన్ టేట్ మ్యూజియంలో ఉన్నదైతే 1972 నాటిది, అసలు ప్లాస్టర్ బ్రెజిల్‌లో సావోపాలో యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది. పైగా శిల్పానికి పాలరాయి, కంచే ఎందుకు, గాజు, సిమెంటు, తోలు, కరెంటు దీపాలు ఏవైనా వాడొచ్చని 1912లో మేనిఫెస్టో, అంటే కళ ఎలా ఉండాలో చాటే ప్రకటన, రాసిన మనిషాయన! అయినా ఈ శిల్పానికి కంచు బాగా కుదిరింది అంటాను, మెరుగు పెట్టిన చోట వెలుగు జారిపోతూ ఉంటే ఆ కదలిక ఇంకా పెరుగుతుంది.

ఓరుగల్లు_పిల్ల:
మంచిగ చెప్పిన్రు అన్నా, కానీ ఇంకో ముచ్చట గూడ చెప్పాలె. బోచోనీ, ఆయన దోస్తులు ఫ్యూచరిస్టులు, అంటే వేగాన్ని, మిషన్లను మెచ్చుకునే ఇటలీ కళాకారుల గుంపు, 1909ల ఆ గుంపును షురూ చేసిన మారినెట్టి రాసిన మేనిఫెస్టోల యుద్ధాన్ని పొగిడిన్రు, బోచోనీ గూడ 1915ల తనంతట తనే యుద్ధానికి పోయిండు. ఆ తలకాయ నాకు హెల్మెట్ లెక్కనే కొడ్తది. కండ్లు లేవు, చేతుల్లేవు, ముందుకు పోవుడొక్కటే ఉన్నది, అందంగ ఉన్నా నాకైతే భయమైతది.

శిల్పం_చూద్దాం:
నిజమే చెల్లీ, ఆ భయం శిల్పంలోనే ఉంది, దాన్ని పక్కనపెట్టి వేగం ఒక్కటే మెచ్చుకుంటే సగమే చూసినట్టు. అందుకే ఎడమ పక్క నుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి చూడమంటాను, పక్క నుంచి పరుగులా ఉన్నది ఎదురుగా వచ్చేసరికి మీద పడుతున్నట్టుంటుంది.

మ్యూనిక్‌_తెలుగు:
చాలా థాంక్సండి అందరికీ. నాకు దగ్గర్లో ఎక్కడ చూడొచ్చు?

కంచుపోత:
మిలాన్ వెళ్ళండి, దువోమో చర్చి పక్కనే మ్యూజియో దెల్ నొవెచెంతో, అక్కడ ఒక కంచు పోత ఉంది. ఎత్తు 110 సెంటీమీటర్ల పైచిలుకే, ఫొటోలు చూసి నిలువెత్తు మనిషంత ఉంటుందనుకోకండి.