నెలకోసారి తీసే పాత స్ప్లెండర్ ఇరవై కిక్కులకు గాని అందుకోవడం లేదు

ప్రశ్న (కావలి)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇల్లు కావలి నుంచి తుమ్మలపెంట వెళ్లే దారిలో, సముద్రపు గాలి తగిలే చోట ఉంది. నాన్నగారు 2006లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఇప్పటికీ మా వసారాలోనే ఉంది. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తూ నెలకో నెలన్నరకో ఒకసారి వచ్చినప్పుడు మాత్రమే దానిని బయటికి తీస్తాను. వచ్చిన ప్రతిసారీ ఇరవై ముప్పై కిక్కులు కొడితే గాని ఇంజన్ అందుకోదు. అందుకున్నా యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది, రోడ్డెక్కి వేగం అందుకున్నాక మాత్రం ఏ ఇబ్బందీ పెట్టదు. ప్లగ్గు కొత్తది వేయించినా, ట్యాంకులో కొత్త పెట్రోలు పోయించినా ఫలితం లేదు. మెకానిక్ కార్బొరేటరు (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) మొత్తం మార్చమంటున్నారు. నాన్నగారి బండి కనుక ఉన్నదానినే బాగుచేసుకోవాలని నా కోరిక.

సమాధానం (ఒంగోలు)

నమస్కారమండీ. కార్బొరేటరు మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతూ, వేగంలో బాగా నడుస్తోందంటే వేగంలో పెట్రోలు అందించే మెయిన్ జెట్టు శుభ్రంగానే ఉంది, పైలట్ జెట్టు మూసుకుపోయింది. జెట్టు అంటే కార్బొరేటరులో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న చిన్న ముక్క. బండి స్టార్ట్ కావడానికీ, నిలకడగా ఆడడానికీ కావలసిన పెట్రోలు ఆ చిన్న జెట్టు గుండానే వస్తుంది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు.

మీరు ట్యాంకులో కొత్త పెట్రోలు పోశారు గాని, కార్బొరేటరు కింది కప్పులో నెలన్నర క్రితం నిలిచిన పాత పెట్రోలు అలాగే ఉంది. అందులో తేలికగా ఆవిరయ్యే భాగం, అంటే చల్లటి ఇంజన్‌ను అంటించే భాగం, ముందుగా ఎగిరిపోతుంది. మిగిలినది క్రమంగా చిక్కబడి జిగురై జెట్టులో పేరుకుంటుంది. ఇప్పుడు వస్తున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో కార్తీక మాసపు ముసురులో నిలిపిన బండికి ఇది మరింత చేటు.

ముందుగా ట్యాంకు కింద పెట్రోలును ఆపే కాక్ మూసి, కప్పు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కారినదానిని గాజు సీసాలో పట్టండి. అడుగున వేరే పొరగా నీరు తేరినా, రంగు ముదిరి ఘాటైన వాసన వచ్చినా కారణం తెలిసినట్లే. దగ్గరలో దీపం గాని, సిగరెట్టు గాని ఉండకూడదు. తరువాత కాక్ తెరిచి, కప్పు నిండే వరకు ఒక నిమిషం ఆగి, చోక్ (గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) పూర్తిగా వేసి, యాక్సిలరేటర్ తిప్పకుండా కిక్ కొట్టండి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ పీల్చే బలం తగ్గి, చోక్ వేసిన ప్రయోజనం పోతుంది.

అప్పటికీ అందుకోకపోతే ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు చేరడం లేదు, కనుక కార్బొరేటరు విప్పి శుభ్రం చేయించాలి. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా నిప్పురవ్వ బలహీనంగా ఉంది; ఉప్పుగాలికి ప్లగ్ క్యాప్ లోపల చిలుము పట్టడం మన వైపు తరచుగా చూస్తాం. శుభ్రం చేసేటప్పుడు జెట్టులో తీగ దూర్చనివ్వవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. రంధ్రం కాస్త పెద్దదైనా ఆ జెట్టు ఇక పనికిరాదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, గాలి పట్టిస్తే చాలు. కొన్నిటిలో పైలట్ జెట్టు ఊడిరాదు, బలవంతం చేయకూడదు. పెట్రోలు, గాలి పాళ్లను సరిచేసే మిక్చర్ స్క్రూ విప్పే ముందు దానిని మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకొంటే, మళ్లీ అక్కడికే తేవచ్చు.

మరొక సభ్యులు (చీమకుర్తి)

మా వైపు గ్రానైట్ దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయి ఇదే తంటా వస్తుంది, దానిని కూడా చూడండి. బండిని పక్కకు వంచి కిక్ కొడితే మాకు వెంటనే స్టార్ట్ అవుతుంది.

సమాధానం (ఒంగోలు)

ఫిల్టర్ మాట నిజమండీ. నిలిచిన బండి ఫిల్టర్ పెట్టెలో ఎలుకలు గూడు పెట్టడం కూడా చూశాను. బండిని వంచినప్పుడు కార్బొరేటరు కప్పులో తేలుతూ పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే ఫ్లోట్ పక్కకు జరిగి పెట్రోలు అదనంగా దిగుతుంది, అందుకే స్టార్ట్ అవుతుంది. అది రోగాన్ని దాచుతుందే గాని తగ్గించదు, పైగా ఎక్కువైతే ప్లగ్గు తడుస్తుంది.

ప్రశ్నించినవారు

సీసాలో అడుగున చెంచాడు నీరు తేరింది, పైన టీ రంగు పెట్రోలు ఉంది. కార్బొరేటరు శుభ్రం చేయించి జెట్టుకు గాలి పట్టించాము. ఈ ఉదయం రెండో కిక్కుకే అందుకుంది, యాక్సిలరేటర్ వదిలినా నిలబడింది. నాన్నగారు వసారాలోకి వచ్చి ఆ శబ్దం వింటూ చాలాసేపు నిలబడ్డారు. మళ్లీ నెల రోజులు ఎలా ఉంచమంటారు?

సమాధానం (ఒంగోలు)

చాలా సంతోషం. వెళ్లే రోజు ఇంజన్ ఆడుతుండగానే కాక్ మూసి, తనంతట తానే ఆగే వరకు ఉంచండి. తరువాత డ్రెయిన్ స్క్రూ వదులు చేసి అడుగున మిగిలినది కూడా తీసేయండి. ట్యాంకు దాదాపు నిండుగా ఉంచితే లోపల తేమ చేరి తుప్పు పట్టదు. నాన్నగారు మధ్యలో నిలిపిన చోటే ఐదు నిమిషాలు ఆడించి ఆపితే ఇంజన్ సరిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీరు నిలుస్తుంది. ఎవరైనా తీయగలిగితే వారానికోసారి ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి, వచ్చాక మళ్లీ కాక్ మూయమనండి.