రెండు నెట్ కనెక్షన్లు, రెండు లోకల్ నెట్‌వర్కులు: కెమెరాలు 4జీ మీదే పోవాలంటే?

చెరువుగట్టు:
పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల ఆఫీసండి. డెబియన్ వేసిన మినీ పీసీయే రౌటర్. నెట్‌వర్క్ పోర్టుల్లో ఈత్0లో ఫైబర్, ఈత్1లో 4జీ రౌటర్ (గేట్‌వే 192.168.8.1). ఈత్2 ఆఫీసు, 192.168.10.0/24. ఈత్3లో గట్ల మీది కెమెరాలు, ఆక్సిజన్ మీటర్లు, 192.168.20.0/24. మెయిన్ రూటింగ్ టేబుల్లో డిఫాల్ట్ దారి ఫైబర్‌కే ఉంది. ఈత్3 నుంచి లోపలికొచ్చే ప్యాకెట్లకి ఐపీటేబుల్స్‌లో మార్క్ 2 (ఒక గుర్తు) వేస్తున్నా. రూటింగ్‌కి పెట్టినవి ఇవి:

ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.8.1 డెవ్ ఈత్1 టేబుల్ 102
ఐపీ రూల్ యాడ్ ఎఫ్‌డబ్ల్యూమార్క్ 2 లుకప్ 102

ఈత్0, ఈత్1 రెండిటి మీదా మాస్క్వరేడ్ (బయటికి పోయే ప్యాకెట్ల అడ్రసు మార్చే న్యాట్) ఉంది. టీసీపీడంప్‌లో (ప్యాకెట్లు చూపే టూల్) చూస్తే జవాబులు ఈత్1 దాకా వస్తున్నాయి, ఈత్3కి ఒక్కటీ దాటట్లేదు. ఆఫీసు నుంచి కెమెరా పేజీ కూడా తెరుచుకోవట్లేదు. ఈత్1కి ఆర్పీ_ఫిల్టర్ (ప్యాకెట్ సరైన దారిలోనే వచ్చిందా అని కెర్నల్ చేసే తనిఖీ) 0 చేసినా అంతే.

లంకవాసి:
అవి రెండు వేర్వేరు జబ్బులండి. కెమెరా పేజీ సంగతి తేలిక. 102లో డిఫాల్ట్ తప్ప ఇంకేమీ లేదు కాబట్టి, ఆఫీసు పీసీకి కెమెరా ఇచ్చే జవాబు కూడా 4జీ దారే పడుతోంది. దీన్ని ముందు వరసలో పెట్టండి:

ఐపీ రూల్ యాడ్ ప్రియారిటీ 1000 లుకప్ మెయిన్ సప్రెస్_ప్రిఫిక్స్‌లెంగ్త్ 0

మెయిన్‌లో లోకల్ రూట్లుంటే వాడుకో, డిఫాల్ట్ తగిలితే వదిలేసి కింది రూల్‌కి పో అని దీని భావం. లోకల్ రూట్లన్నీ 102లోకి కాపీ చేసే పద్ధతీ ఉంది గానీ, రేపు ఇంకో సబ్‌నెట్ కలిపితే అక్కడా మార్చడం ఎవరికీ గుర్తుండదు.

కాలవనీరు:
రెండోదానికి కారణం ఆర్పీ_ఫిల్టరే. 'ఆల్', 'ఈత్1' విలువల్లో ఏది పెద్దదైతే కెర్నల్ దాన్నే తీసుకుంటుంది. 'ఆల్' 1 ఉండగా ఈత్1కి 0 పెట్టి లాభం లేదు. 2 పెడితే పని జరుగుతుంది. అయితే అసలు తేడా మీ రూల్లోనే ఉంది. జవాబు వచ్చినప్పుడు కెర్నల్ తిరుగు దారి వెతుకుతుంది. ఈత్1లో వచ్చిన జవాబుకి ఆ మార్క్ ఉండదు కాబట్టి ఆ వెతుకులాటకి ఎఫ్‌డబ్ల్యూమార్క్ రూల్ తగలదు, మెయిన్‌లో ఫైబర్ దొరుకుతుంది, ఈత్1తో సరిపోలక ప్యాకెట్ పారేస్తుంది. లాగ్_మార్షియన్స్ 1 చేస్తే కెర్నల్ లాగ్‌లో 'మార్షియన్ సోర్స్' అని పడుతుంది చూడండి. పాత రూల్ తీసేసి ఇది పెట్టండి:

ఐపీ రూల్ యాడ్ ప్రియారిటీ 1100 ఫ్రమ్ 192.168.20.0/24 లుకప్ 102

ఆ తనిఖీ జరిగేసరికి న్యాట్ విప్పేసి ఉంటుంది, గమ్యం 192.168.20 అడ్రసుగా మారిపోయి ఉంటుంది. కాబట్టి తిరుగు దారికీ ఈ రూలే తగులుతుంది, స్ట్రిక్ట్ మోడ్ (ఆర్పీ_ఫిల్టర్ 1) తీసే పనే లేదు.

చెరువుగట్టు:
రెండూ కుదిరాయండి, థాంక్స్. కానీ ఈత్1 డౌన్ చేస్తే కెమెరాలు ఫైబర్ మీదకి ఎక్కేస్తున్నాయి. ఆగిపోయినా పర్లేదు, ఆఫీసు లైన్ మీదకి మాత్రం రాకూడదు.

కాలవనీరు:
ఇంటర్‌ఫేస్ డౌన్ అవగానే దాని రూట్ చెరిగిపోతుంది, 102 ఖాళీ అవుతుంది, వెతుకులాట కిందికి జారి మెయిన్‌లో పడుతుంది. అడ్డుకట్ట ఇదండి:

ఐపీ రూట్ యాడ్ అన్‌రీచబుల్ డిఫాల్ట్ మెట్రిక్ 1000 టేబుల్ 102

ఇది ఏ ఇంటర్‌ఫేస్‌కీ కట్టి ఉండదు కాబట్టి అలాగే నిలబడుతుంది. 4జీ రూట్‌ని ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఈత్1 కింద పోస్ట్-అప్ లైనుగా రాయండి, లేకపోతే ఈత్1 మళ్లీ అప్ అయినా ఆ రూట్ తిరిగి రాదు.

లంకవాసి:
ఫైబర్ పోయినప్పుడు ఆఫీసుని 4జీకి మార్చాలన్నా ఇలాగే అవుతుందనుకోకండి. బయట కేబుల్ తెగినా, ఇన్వర్టర్ మీద ఓఎన్‌టీ (ఫైబర్ మోడెం) వెలుగుతూనే ఉంటే ఈత్0 లింక్ అప్ అనే చూపిస్తుంది, రూట్ కదలదు. ఈత్0 అడ్రసు నుంచి బయటికి పింగ్ కొట్టి, వరసగా మూడు పోతే డిఫాల్ట్ మార్చే స్క్రిప్ట్ కావాలి. మారాక కూడా ఆ పింగ్ ఫైబర్ దారే పోవాలి కాబట్టి, ఈత్0 అడ్రసుకీ ఒక ఫ్రమ్ రూల్, ఫైబర్ డిఫాల్ట్‌తో టేబుల్ 101 పెట్టుకోండి.